బాలధన రక్షణము – ధర్మశాస్త్రము, కోర్ట్ ఆఫ్ వార్డ్స్

బాలుని దాయధనమును, అతఁడు సమావృత్తుఁడగు వఱకో, శైశవము దాటు వఱకో రాజు పాలింపవలెనని మనువు (8-27) విధించెను. కౌటిల్యుఁడు (2-1) ఆ భారమును గ్రామవృద్ధులపై నుంచి, ‘వర్ధయేయుః’ అనెను. కాపాడుట వేఱు, పెంచుట వేఱు, రెండవదియే కఠినతరము.

మద్రాసులో 1804 నాటి 5వ రెగ్యులేషనుతో వెలసిన కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పేరునకే కోర్టు. నిజమునకది రెవెన్యూ బోర్డే. పేష్కషు రాఁబట్టుకొను చేతికే బాలుని ఆస్తియు చిక్కినది! అయినను నింద యొక్కటే చాలదు. పిఠాపురపు బాలరాజుపై దత్తపుత్రుఁడు తెచ్చిన వ్యాజ్యమును ఆ సంస్థయే ఎదుర్కొనెను. 1899లో ప్రీవీకౌన్సిలు తీర్పు బాలునికే అనుకూలించెను.

వయస్సు మాటయు విచార్యమే. నారదుఁడు బాల్యమునకు 16 ఏండ్లు హద్దన్నాడు. 1875 చట్టము సామాన్యులకు 18, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ రక్షణలోని వారికి 21 ఏండ్లని నిర్ణయించెను. ఆ భేదము 1999 సవరణతోఁగాని తొలఁగలేదు.