వర్షమానము: ఇంటియొద్ద వానను కొలిచి వ్రాసికొను విధము

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలకు ప్రవేశించును. ఆ కార్తెలో రెండు జల్లులు పడినంతనే చొప్పదండి, గంగాధర, రామడుగు ప్రాంతముల రైతులు ప్రత్తి విత్తుటకు త్వరపడుదురు. వాన బాగుగా కురిసినదని ఒకరనగా, ఇంకొకరు విత్తనపు సంచి విప్పుదురు. బాగుగా అను మాటకు కొలత లేదు. పైపొర తడిసి లోపల పొడిగానున్న నేలలో పడిన గింజ ఉబ్బి మొలకెత్తి, పిదప పది దినములు వాన రాకున్నయెడల మాడిపోవును. మరల గింజలు కొనవలెను, మరల కూలి పెట్టవలెను. పోయిన దినములు మాత్రము తిరిగిరావు. తేలిక నేలలందు 50 మొదలు 60, నల్లరేగడి యందు 60 మొదలు 75 మిల్లీమీటర్ల వాన పడిన పిమ్మటనే ప్రత్తి విత్తవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ సలహా మంచిదే. కాని తన చేనిమీద ఎన్ని మిల్లీమీటర్లు పడినదో ఎరుగని రైతునకు అది ఏమి ప్రయోజనము?

సర్కారువారు కొలుచుచున్నారు గదా యని కొందరనవచ్చును. నిజమే. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. ఇటీవలి కాలమున రాష్ట్ర ప్రణాళికా శాఖవారు తెలంగాణమున వేయికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రములను నెలకొల్పిరి. అయినను రాష్ట్ర వైశాల్యము 1,12,077 చదరపు కిలోమీటర్లు. లెక్కింపగా ఇంచుమించు నూరు చదరపు కిలోమీటర్లకొక్క యంత్రము చొప్పున వచ్చును. మృగశిర, ఆరుద్ర కార్తెలలో ఉరుములతో వచ్చు మేఘము వెడల్పు కొన్ని మైళ్లకు మించదు. అది ఊరి తూర్పు పొలిమేరను ముంచి, పడమటి పొలిమేరను పొడిగా విడిచిపోవుట ప్రతి రైతు చూచినదే. శ్రావణ భాద్రపదములలో వాయుగుండమువలన పట్టు ముసురు విశాలముగా కురియును. దానికి మండల కేంద్రపు లెక్క చాలవరకు సరిపోవును. విత్తుకాలపు వానకు మాత్రము సరిపోదు.

2023 జూలై 27 ఉదయమునకు ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైనది. అదే దినమున భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 కురిసినది; మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచెత్తినది. అంతకుముందు తెలంగాణమున హెచ్చుగా లెక్కకెక్కినది 2013 జూలైలో వాజేడునందు కురిసిన 517.5 మిల్లీమీటర్లు. ఆయా ఊళ్లలో యంత్రములుండుటచేతనే ఈ సంఖ్యలు మనకు దక్కినవి. యంత్రము లేని ఊరిలో అంత వానయు కురిసి, చెప్పుకొనుటకు మాత్రమే మిగులును.

కొలత లేనందువలన కలుగు నష్టము ఇంకొకటి కలదు. వాతావరణాధారమైన పంటల బీమాలో పరిహారమును నిర్ణయించునది రైతు చేను కాదు, ఆ ప్రాంతమునకు నియమింపబడిన యంత్రము. యంత్రమువద్ద వాన పడి చేనిలో పడనియెడల రైతునకు ఏమియు రాదు. 2020లో తెలంగాణ రాష్ట్రము ప్రధానమంత్రి పంటల బీమా పథకమునుండి వైదొలగినది. ఇకమీదట ఏ పథకము వచ్చినను ఇదే చిక్కు వచ్చును. రైతు వ్రాసికొనిన పుస్తకమును బీమావారు సాక్ష్యముగా గ్రహింతురని ఎవ్వరును మాట ఇయ్యజాలరు. అయినను నలుగురు రైతులు వేర్వేరుగా వ్రాసిన పుస్తకములు ఒకే మాట చెప్పునప్పుడు, మా ఊరికి వేరు యంత్రము కావలెనని అడుగుటకు అంతకంటె బలమైన అర్జీ ఉండదు. వెనుకటి పహాణీలలో పంట, నీటివనరు, శిస్తు అన్నియు వ్రాయుచుండిరి. ఆ పంటకు మూలమైన వానకు మాత్రము గడి లేకపోయెను.

ఈ కొలత మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, కోష్ఠాగారము ముందర మూరెడు నోరుగల కుండమును వానను కొలుచుటకు పెట్టవలెనని కలదు. దానికి ఆయన వాడిన పేరే వర్షమానము. ఇంగ్లీషు పేరునకు సరియైన తెలుగు మాటను వెదకుచు వర్షమాపకమని, వృష్టిమాపకమని పలువురు పలువిధముల వ్రాసిరిగాని, ఆ పాత మాటయే నాకు చక్కగా తోచినది. వరాహమిహిరుడు బృహత్సంహితలో వానను ఆఢకములు, ద్రోణములుగా లెక్కించు పద్ధతి చెప్పెను. ఇంగ్లాండులో సైమన్సు అనునతడు 1860లో 168 మంది కొలతలతో మొదటి లెక్క ప్రకటించెను. 1900లో ఆతడు మరణించునాటికి కొలుచువారు మూడువేలకు మించిరి. వారిలో పెక్కురు జీతము లేనివారే. 1997 జూలైలో అమెరికాలోని ఫోర్టు కాలిన్సు పట్టణమునకు వరద వచ్చి అయిదుగురు మరణించిరి. పట్టణపు పడమట సుమారు 14 అంగుళముల వాన, తూర్పున 2 అంగుళములకంటె తక్కువ! మరుసటి సంవత్సరము అచ్చటివారు ఇంటింట వర్షమానములు పెట్టుకొని సంఘముగా ఏర్పడిరి.

ఇక సాధనము. నిలువు గోడలు, చదునైన అడుగు గల ఏ పాత్రలోనైనను నిలిచిన నీటి లోతే వాన కొలత. పాత్ర వెడల్పుగానుండినను సన్నముగానుండినను లోతు మారదు, ఏలయనగా నోరు పెద్దదైనకొలది అడుగును పెద్దదగును. కాని వెడల్పు పాత్రలో రెండు మూడు మిల్లీమీటర్లను కంటితో చూచుట కష్టము. నీరు ఎండకు హరించును. చినుకులు ఎగిరి బయట పడును. కావున గరాటు, దాని క్రింద సీసా మేలు. గరాటు నోటి వ్యాసము 11.3 సెంటీమీటర్లైనచో వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లగును; అప్పుడు సీసాలోని ప్రతి 10 మిల్లీలీటర్ల నీరు 1 మిల్లీమీటరు వాన. మందుల దుకాణమున దొరకు కొలగిన్నెతో కొలువవచ్చును. గరాటు వేరు కొలత దైనచో, నీటి మిల్లీలీటర్లను నోటి వైశాల్యముచే భాగించి పదిచే హెచ్చింపవలెను. సీసా కనీసము రెండు లీటర్లు పట్టవలెను. చిన్న సీసా పెట్టినవారికి పెద్ద వాననాడే లెక్క తప్పును.

దీనిని చెట్టుక్రింద, చూరుక్రింద, మిద్దెమీద పెట్టరాదు. మిద్దెపై గాలి చినుకులను ప్రక్కకు కొట్టివేయును. చెట్టు ఎంత ఎత్తో దానికి రెండింతల దూరమున, గరాటు అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున సమముగా నుండునట్లు గుంజకు బిగింపవలెను. చుట్టును ముండ్లకంప వేయుట మేకలకొరకు. పిల్లవాండ్రకొరకు కంప చాలదు. సరదాకు నీరు పోయుదురు. వారిలో ఒకనికే పుస్తకము వ్రాయు పని అప్పగించినచో ఆ బాధ తీరును.

ప్రతి ఉదయము 8 గంటల 30 నిమిషములకు కొలిచి, ఆ తేదీకే వ్రాసి, నీరు పారబోయవలెను. సర్కారు లెక్కయు ఆ వేళకే గావున రెంటిని పోల్చవచ్చును. వాన లేనినాడు 0 వ్రాయవలెను. కొలువనినాడు గీత గీయవలెను. ఈ రెండును ఒకటి కావు. ఊరికి పోయి మూడవనాడు వచ్చినవారు, మూడు దినముల మొత్తమని వ్రాయవలెనేగాని తోచినట్లు పంచివ్రాయరాదు. తప్పు లెక్కకంటె ఖాళీ గడి మేలు. తేదీ ప్రక్కన కార్తె పేరును వ్రాసినయెడల పెద్దలు చెప్పు మాటలతో సరిచూచుకొనవచ్చును.

ఒక్కని పుస్తకమునకు విలువ కొద్ది. ఊరికి నాలుగు దిక్కుల నలుగురు పెట్టినప్పుడే మేలు తెలియును. ఉదాహరణకు, ఒకనాడు మూడింట 22, 25, 19 వచ్చి నాలుగవదానిలో 6 వచ్చినచో, వెంటనే సగటు కట్టరాదు. మేఘము ఆ ప్రక్కకు పోలేదా, లేక గరాటులో ఆకు అడ్డుపడినదా చూడవలెను. ముసురు దినములలో సైతము ఒకరిది ఎప్పుడును తక్కువగా వచ్చుచున్న, లోపము ఆకాశమున లేదు, ఆ గుంజ పాతిన చోటున ఉన్నది.

ఇట్టి పని మన రైతులే చేసి చూపిరి. 2003 మొదలు కొన్ని సంవత్సరములు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, మహబూబ్‌నగర్, నల్లగొండ, అనంతపురము, కర్నూలు మొదలగు ఏడు జిల్లాలలో ఆరువందలకు పైగా గ్రామముల రైతులు, స్త్రీలు సహా, వానను, బావులలో నీటి మట్టమును తామే కొలిచి, ఊరి గోడమీద బల్లపై వ్రాసిరి. వానాకాలము ముగియగానే కూడి, భూమిలో ఎంత నీరు చేరినది, యాసంగికి ఎంత కావలెను అని లెక్క కట్టిరి. ఏ పంట వేయవలెనో ఎవరును ఆజ్ఞాపింపలేదు; లెక్క చూచి పెక్కురు తామే వరి తగ్గించిరి.

మన లెక్కయు చూడుడు. ఒక గుంటపై 1 మిల్లీమీటరు వాన అనగా ఇంచుమించు 100 లీటర్ల నీరు. ఎకరమునకు 4,000 లీటర్లు. ఏటికి 900 మిల్లీమీటర్లు కురిసినదనుకొందము. మనవంటి రాతి నేలలలో దానిలో పదవవంతు ఇటునటుగా మాత్రమే భూగర్భమునకు చేరును, అనగా 90 మిల్లీమీటర్లు. బోరుక్రింద యాసంగి వరికి 1,000 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండ పెట్టుదుము. కొంత నీరు మరల ఇంకునను మాట నిజమేగాని, అది తీసివేసినను ఒక ఎకరము వరి పెక్కు ఎకరములలో ఇంకిన వానను త్రాగుచున్నది. కాలువ నీరందు భూములకు ఈ లెక్క వేరు. బోరులను నమ్మినవారు మాత్రము చిత్త కార్తె ముగియునప్పటికి తమ వాన మొత్తమును కూడి, బావిలో త్రాడు విడిచి మట్టము చూచి, పిదప నారు పోయవలెను.

గుంజను రోహిణి కార్తెలోనే పాతవలెను. పుస్తకము మొదటి పుటలో గరాటు కొలతయు, గుంజ ఉన్న సర్వే నెంబరును వ్రాసి, మరునాటి ఉదయము వాన లేకున్నను 0 అని వేయవలెను.