వర్ణన స్వరము: దాని భాషను గుర్తించు విధము

విత్తనపు సంచికి చీటి లేనియెడల రైతులు దానిని కొనుటకు వెనుదీయుదురు. చీటిపై నొక పేరును సంచిలో వేఱొక రకమును ఉన్నచో, ఆ సంగతి పైరు ఈనిన తరువాత గాని బయటపడదు. ఆన్‌లైన్ వీడియోలకు చేర్చెడు వర్ణన స్వరమునకును ఇట్టి చీటి యొకటి కావలయును.

వర్ణన స్వరమనగా నేమి? వరి విత్తనములను ఉప్పునీట ఏరు పద్ధతిని చూపు వీడియోను తీసికొందము. నీటిలో కోడిగ్రుడ్డు నుంచి, అది తేలి కొంచెము పైకి కనబడువఱకు ఉప్పు కలుపుదురు. పిమ్మట విత్తనములు పోసి, తేలిన తాలును తీసివేసి, మునిగిన గట్టి గింజలను మంచినీట రెండు మూడు మారులు కడుగుదురు. చూపులేని వారికి ఇందు వినబడునది నీటి చప్పుడు మాత్రమే. మేమును ప్రదర్శనములందు "ఇట్లు చేయుడు" అని చేతితో చూపి ఊరకుందుము. ఆ "ఇట్లు" అను మాట వారికేమియు తెలుపదు. కనబడుదానిని మాటల నడుమ ఎడములందు చెప్పు స్వరమే వర్ణనము. దీనినే ఆడియో డిస్క్రిప్షన్ అందురు. దృశ్య శ్రవణ మాధ్యమములందు ఇట్టి వర్ణన ముండునట్లు ప్రభుత్వములు చర్యలు గైకొనవలయునని 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 42వ విభాగమున చెప్పబడినది.

ఆ వర్ణనము తెలియని భాషలో నున్నచో ఫలమేమి? విత్తనమును కడుగవలయునను మాట అర్థము కాదు. ఉప్పంటిన విత్తనము నట్లే నానవేసినచో మొలక చెడును. కావున భాషను గుర్తించునపుడు ఈ క్రింది నియమములను పాటింపవలయును.

1. వీడియో భాషనుబట్టి వర్ణన భాషను నిర్ణయింపరాదు. హిందీ వీడియోకు తెలుగు వర్ణన ముండవచ్చును. చీటిపై వ్రాయవలసినది వర్ణించువాని భాషయే.

2. ఆరంభమును మాత్రము విని తీర్పు చెప్పరాదు. అచ్చట సంగీతమో మూల సంభాషణమో ఉండవచ్చును. మూడు నాలుగు తావులందు వర్ణన స్వరమునే వినవలయును. యూరియా, పొటాష్ వంటి పేర్లు విని ఆంగ్లమని భ్రమపడరాదు. "పోయుచున్నాడు", "కడుగుచున్నది" వంటి క్రియాపదములే భాషను పట్టియిచ్చును. ధ్వనినిబట్టి భాషను చెప్పు యంత్రములు కలవు గాని, వర్ణన వాక్యములు పొట్టివగుటచే అవియు పొరబడవచ్చును. తుదితీర్పు ఆ భాష తెలిసిన చెవిదే.

3. సంకేతమును సరిగా వ్రాయవలయును. అంతర్జాతీయ పద్ధతిలో తెలుగునకు రోమను లిపిలో టి-ఇ అను రెండక్షరములు, లేదా టి-ఇ-ఎల్ అను మూడక్షరములు గుర్తు. టి-ఎల్ అని వ్రాసినచో అది ఫిలిప్పీన్సు దేశపు టగలాగ్ భాష యగును; టి-ఎ అనునది తమిళము.

4. చీటిని ఖాళీగా విడువరాదు. మట్రోస్కా అను వీడియో పద్ధతిలో భాష వ్రాయని స్వరమును ఆంగ్లముగానే ఎంచవలయునని నియమము. అట్లు తెలుగు వర్ణనము ఉండియు, తెలుగు కోరినవానికి దొరకక పోవచ్చును. భాష నిజముగా తేలనిచో, తేలలేదను గుర్తుగా యు-ఎన్-డి అని వ్రాయవలయును.

సంఘముల పక్షమున వీడియోలు చేయువారు వానిని విడుదల చేయుటకు ముందు చూపులేని సభ్యు నొకనిని పిలిచి వినిపింపవలయును. వర్ణనము విని అతడు పని క్రమమును తిరిగి చెప్పగలిగినచో చీటి సరియైనదే.