పూత, కాయ దశలలో పత్తి పైరుపై పోషక లోపాల నిర్ధారణ

పత్తి పైరు 60 నుండి 100 రోజుల వయస్సులో ఉన్నప్పుడు పోషక లోపాలను సరిగా గుర్తించడం విస్తరణ శాస్త్రవేత్తకు ఎదురయ్యే క్లిష్టమైన పనులలో ఒకటి. రైతు ఎర్రబడిన ఆకును చేతబట్టుకొని వచ్చినప్పుడు మెగ్నీషియం లోపమని చెప్పి పంపించడం తేలిక. అయితే అదే ఎరుపు పచ్చదోమ వలన, బెట్ట వలన, నీటి ముంపు వలన, రాత్రి చలి వలన, నత్రజని చాలకపోవడం వలన కూడా రావచ్చు. నిర్ధారణ తప్పితే పోయేది ఒక పిచికారి ఖర్చు మాత్రమే కాదు. అసలు కారణాన్ని సరిదిద్దుకోవడానికి మిగిలి ఉన్న పది పదిహేను రోజుల వ్యవధి కూడా దానితో పోతుంది. ఈ వ్యవధిలో రాలిన గూడ, పిందె తిరిగి రావు.

ఈ దశలోనే లోపాలు ఎక్కువగా బయటపడడానికి కారణం పత్తి మొక్క స్వభావంలో ఉంది. పత్తి అనిశ్చిత పెరుగుదల గల పైరు. కొమ్మ, ఆకు, గూడ, కాయ ఏకకాలంలో పెరుగుతుంటాయి. కాయలు పట్టడం మొదలైన తరువాత ఆకులలో తయారైన పిండిపదార్థాలలో అధిక భాగం కాయలకే తరలిపోతుంది. వేరుకు అందే వాటా తగ్గి, కొత్త వేర్ల పెరుగుదల మందగిస్తుంది. అవసరం హెచ్చుగా ఉన్న సమయంలోనే గ్రహించే శక్తి తగ్గుతుంది. కనుక భూసార పరీక్షలో ఒక పోషకం చాలినంతగా ఉన్నట్లు తేలిన పొలంలో కూడా మొక్కలో లోపం కనిపించవచ్చు. పరీక్ష ఫలితం తప్పని దీని అర్థం కాదు. నేలలో ఉన్నది వేరు దాకా, వేరు నుండి ఆకు దాకా చేరలేదని మాత్రమే అర్థం.

ఏ ఆకులపై మొదలైంది?

మొక్కలో సులభంగా కదిలే నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం లోపాలు ముందుగా ముదురు ఆకులపై, అంతగా కదలని గంధకం, ఇనుము, బోరాన్, కాల్షియం లోపాలు లేత భాగాలపై కనిపిస్తాయని విద్యార్థులందరికీ తెలుసు. ఈ సూత్రం మంచిదే. అయితే పత్తిలో పొటాష్ విషయంలో దీనిని గుడ్డిగా పాటించరాదు. పాత రకాలలో పొటాష్ లోపం అడుగు ఆకుల అంచులలో మొదలయ్యేది. తక్కువ కాలంలో ఎక్కువ కాయలు మోసే నేటి రకాలలో, సంకరాలలో అది కాయ దశలో మొక్క పైభాగాన ఉన్న, ఇటీవలే పూర్తిగా విచ్చుకున్న ఆకులపై కనిపించడం సాధారణమైంది. పత్తి పోగు సాగడానికి కావలసిన కణపీడనాన్ని కలిగించే వాటిలో పొటాషియం ముఖ్యమైనది కనుక, పెరుగుతున్న కాయ దానిని బలంగా లాక్కుంటుంది. ముందుగా ఈనెల మధ్య పసుపు మచ్చలు వస్తాయి, ఆ మచ్చల నడిమి భాగం ఎండుతుంది, ఆకు కొన, అంచులు గోధుమ రంగుకు మారి కిందికి వంగుతాయి, చివరకు ఆకంతా కంచురంగు పడి రాలుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఒకప్పుడు 'తుప్పు తెగులు'గా పిలువబడినది పొటాష్ లోపమేనని తరువాత తేలింది. ఆ పొరపాటు నేటికీ మరొక రూపంలో జరుగుతున్నది. పొటాష్ చాలని ఆకులపై ఆల్టర్నేరియా మచ్చలు త్వరగా వ్యాపిస్తాయి. రైతు మచ్చను చూసి శిలీంధ్రనాశిని మాత్రమే చల్లుతాడు.

ఎర్రబడిన ఆకు

మెగ్నీషియం లోపంలో అడుగు ఆకుల ఈనెల మధ్య భాగం ముందు పాలిపోయి, తరువాత ఊదా కలిసిన ఎరుపుకు మారుతుంది. ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. ఈ తేడాయే ముఖ్యమైన ఆనవాలు. నత్రజని చాలని మొక్కలో ఆకు ఈనెలతో సహా పాలిపోయి, ముదురు ఆకులు ఎర్రబడి రాలుతాయి, మొక్క గిడసబారుతుంది. పచ్చదోమ ఆశించినప్పుడు ఆకు అంచులు పసుపుబారి కిందికి ముడుచుకొని, ఎరుపు అంచు నుండి లోపలికి పాకుతుంది. ఆకును తిప్పి చూస్తే అడుగున లేత ఆకుపచ్చ పిల్లపురుగులు ఏటవాలుగా పరుగెడుతూ కనిపిస్తాయి. ఆకుకు రెండు పిల్లపురుగుల చొప్పున ఉంటే నివారణ అవసరమైన స్థాయికి చేరినట్లే. రాత్రి ఉష్ణోగ్రతలు పడిపోయిన తరువాత పొలమంతా ఒకేసారి, ఎండ తగిలే పై ఆకులు ఎర్రబడితే, అది ఆంథోసయనిన్ పేరుకొనడం వలన వచ్చిన మార్పు కావచ్చు. దానికి ఎరువు మందు కాదు.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పవలసి ఉంది. ఒక ఎర్ర చల్కా పొలం నుండి వచ్చిన ఆకులను కార్యాలయంలోనే చూసి మెగ్నీషియం సల్ఫేట్ పిచికారి చేయమని సలహా ఇచ్చాము. చల్కా నేలలలో ఈ లోపం తరచుగా ఉంటుంది కనుక అనుమానం రాలేదు. రెండు వారాల తరువాత పొలానికి వెళ్లి ఆకు తిప్పితే పచ్చదోమ. తెచ్చిన ఆకులు సంచిలో వాడిపోయేసరికి పురుగులు ఎప్పుడో వెళ్లిపోయాయి. ఆ రైతు మమ్మల్ని ఏమీ అనలేదు, కాని ఆ మడిలో కింది కాయలు తప్ప మరేమీ మిగలలేదు. కోసి తెచ్చిన ఆకుపై నిర్ధారణ చేయరాదని అప్పటి నుండి నియమం పెట్టుకున్నాము.

పొలంలో లక్షణాల పంపిణీ కూడా చాలా చెబుతుంది. లోపం సాధారణంగా నేల మార్పును అనుసరించి మడులు మడులుగా ఉంటుంది. పురుగు గట్ల నుండి లోపలికి, ముంపు పల్లం వైపున ఉంటుంది. సాళ్ల వెంట నిటారుగా కనిపించే తేడాకు కారణం మనిషి చేతిలోని పనిముట్టే. ఆకులు సన్నబడి, ఈనెలు సమాంతరంగా సాగి, వేళ్లవలె కనిపిస్తే సూక్ష్మపోషక లోపమని, వైరస్ అని భావించి తొందరపడకూడదు. 2,4-డి కలుపు మందు వాడిన స్ప్రేయరును సరిగా కడగకుండా పత్తికి వాడారా, పక్క పొలంలో ఆ మందు కొట్టారా అని ముందు అడగాలి. సూక్ష్మపోషకాలు చల్లిన ట్యాంకే ఈ నష్టానికి కారణమైన సందర్భాలు ఉంటాయి.

బోరాన్, జింకు, ఇనుము

పూత దశలో బోరాన్ లోపానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది, ఎందుకంటే పుప్పొడి నాళం పెరుగుదలకు అది అవసరం. ఆకు కాడపై ముదురు రంగు వలయాలు, వికృతమైన పూలు, గూడ, లేత కాయల రాలుడు, కాయ అడుగు భాగాన్ని కోస్తే లోపల గోధుమ రంగు, ఇవి కలిసి కనిపిస్తే అనుమానించాలి. కేవలం గూడ రాలుడును బట్టి నిర్ణయించడం పొరపాటు. మబ్బు వాతావరణం, బెట్ట, కాయతొలుచు పురుగు, ఇవన్నీ గూడను రాలుస్తాయి. జింకు లోపంలో ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపుబారి, కణుపుల మధ్య దూరం తగ్గుతుంది. ఇనుము లోపం సున్నం అధికంగా ఉన్న నల్లరేగడిలో, వర్షాల తరువాత తేమ నిలిచినప్పుడు లేత ఆకులపై కనిపించి, నేల ఆరగానే తరచు తగ్గిపోతుంది.

నిర్ధారణను ధ్రువపరచడం

కంటి పరిశీలన ఒక అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది. ప్రధాన కాండంపై పై నుండి నాలుగవ లేదా ఐదవ కణుపు వద్ద ఉన్న, పూర్తిగా విచ్చుకున్న ఆకులను లోపం ఉన్న మడి నుండి, పక్కనే బాగున్న మడి నుండి వేరువేరుగా సేకరించాలి. రెండవ నమూనా లేని విశ్లేషణ సగం విశ్లేషణే. కోయగానే ఆకు కాడను ఆకు నుండి వేరు చేయాలి. నైట్రేట్, పొటాష్ స్థితిని కాడ త్వరగా చూపుతుంది. నమూనాలను కాగితపు సంచులలోనే పంపాలి. ఇనుము విషయంలో మొత్తం పరిమాణం తప్పుదారి పట్టిస్తుంది. పసుపుబారిన ఆకులో మొత్తం ఇనుము బాగానే ఉండవచ్చు. ఆర్థో-ఫినాంత్రోలిన్‌తో తీసిన క్రియాశీల ఇనుమును కొలవాలి.

ప్రయోగశాల ఫలితం వచ్చేవరకు ఆగలేని చోట రెండు మూడు సాళ్లకు మాత్రమే పిచికారి చేసి, పక్క సాళ్లతో పోల్చి చూడడం ఉత్తమం. లీటరు నీటికి మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు, జింక్ సల్ఫేట్ 2 గ్రాములు, బోరాక్స్ 1.5 గ్రాములు, పొటాషియం నైట్రేట్ 10 గ్రాములు, ఇనుముకైతే ఫెర్రస్ సల్ఫేట్ 5 గ్రాములకు నిమ్మఉప్పు 1 గ్రాము చొప్పున వాడాలి. అన్నీ ఒకే ట్యాంకులో కలిపితే ఏది పనిచేసిందో తెలియదు, పైగా ఆకు మాడవచ్చు. ఇప్పటికే ఎర్రబడి ఎండిన భాగం తిరిగి పచ్చబడదు. ఆ తరువాత వచ్చిన ఆకులనే చూడాలి.

మోతాదు లెక్క కూడా గుర్తుంచుకోదగినది. ఎకరాకు 200 లీటర్ల ద్రావణంతో 13-0-45ను పిచికారి చేస్తే అందే పొటాష్ 900 గ్రాములు మాత్రమే. పైరు తీసుకునేది పదుల కిలోలలో ఉంటుంది. అందువలన పొటాష్ లోపం ధ్రువపడిన పొలానికి వచ్చే పంటలో ఎరువును భూసార పరీక్ష ఆధారంగా నేలకే, విడతలుగా సిఫారసు చేయాలి. పొటాష్ హెచ్చయితే మెగ్నీషియం గ్రహణ తగ్గుతుంది గనుక, తేలిక చల్కా నేలలలో ఆ సిఫారసును మెగ్నీషియం స్థితిని చూచిన తరువాతనే ఇవ్వాలి.