రొయ్య బతికితే సరిపోదు

హైటెక్ సిటీలో డేటా ఎనలిస్టుగా చేసే భీమవరం కుర్రాడికి ఊళ్లో రొయ్యల చెరువు కబుర్లన్నీ ఫోన్లోనే అందుతాయి. మేత ఎంత పోయింది, కౌంట్ ఎంత వచ్చింది, ఎవరో మూలికల పొడి తెచ్చారు, కలుపుదామా వద్దా? ఆ ఆఖరి ప్రశ్నకు కొలిచి జవాబు చెప్పగలవాళ్లు మన దగ్గర తక్కువ. బైపీసీ చదివి నీట్ ర్యాంకు రాక దిగులుపడేవాళ్లు ఒకసారి ఇటు చూడండి.

ఆ పొడి అవసరం ఎందుకొచ్చిందంటే, కాడ్మియం, సీసం, పాదరసం లాంటి భారలోహాలు ఫ్యాక్టరీల మురుగుతోనో, మేతలో కలిసే చేపపిండితోనో చెరువులో చేరతాయి. రొయ్య మొప్పల్లో, రైతులు లివర్ అనే హెపటోపాంక్రియాస్‌లో పేరుకుని ఎంజైములను పనిచేయనివ్వవు. రాగిది ఇంకో తమాషా. రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసేదే రాగి ఉన్న హీమోసయనిన్. అందుకే రాగి కొంచెం ఉండాలి, మితిమీరితే విషం. పసుపు, వెల్లుల్లి, మునగాకు లాంటివాటిలోని యాంటీఆక్సిడెంట్లు ఈ దెబ్బకు అడ్డుపడతాయన్న ఆశతో ల్యాబు తొట్లలో ప్రయోగాలు సాగుతున్నాయి. తొట్టిలో ఫలించింది చెరువులోనూ ఫలిస్తుందని హామీ లేదు.

చెరువు గట్టున ఈ పొడిని జిగురుతో మేతకు పట్టించి, నీడన ఆరబెట్టి చల్లుతారు. రొయ్య మేతను గబుక్కున మింగదు, కొరుక్కుంటూ తింటుంది. ఈలోగా పొడిలో ఎంత నీళ్లలో కరిగిపోయింది? పైగా మొక్క కూడా మట్టిలోంచి లోహాలు పీల్చుకుంటుంది. బంగ్లాదేశ్‌లో పసుపుకు రంగు కోసం సీసం కలిసిన లెడ్ క్రోమేట్ వాడారని పరిశోధకులు తేల్చారు. అంటే మందును కూడా ముందు పరీక్షకు పంపాల్సిందే.

అసలు చిక్కు ఇంకొకటి. పొడి తిన్న రొయ్య బతికింది, సరే. లోహం బయటికి పోయిందా, కండలోనే ఉందా? యూరోపియన్ యూనియన్ రొయ్య కండలో కిలోకు 0.5 మిల్లీగ్రాముకు మించి కాడ్మియాన్ని ఒప్పుకోదు, సీసానికీ అంతే. విషాన్ని కడుపులో దాచుకుని నిగనిగలాడే రొయ్య, చచ్చిన రొయ్యకన్నా ప్రమాదం. అందుకే "మా ప్రొడక్టుతో సర్వైవల్ పెరిగింది" అని ఊరుకునే బ్రోచర్లను నేను నమ్మను.

ఉద్యోగాలు ఈ అనుమానాలను తీర్చే పనుల్లోనే ఉన్నాయి. చెరువు పని ఇష్టమైతే ఈఏపీసెట్ ద్వారా మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్ఎస్సీ చేయొచ్చు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో, వనపర్తి జిల్లా పెబ్బేరులో కాలేజీలున్నాయి. పైచదువుకు ముంబైలో మత్స్యవిద్యా సంస్థ సీఐఎఫ్ఈ ఉంది, ఉప్పునీటి సాగు పరిశోధనకు చెన్నైలో సీబా ఉంది. ల్యాబు వైపు మొగ్గితే గచ్చిబౌలిలోని హైదరాబాద్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ యానిమల్ బయాలజీ, బాలానగర్ నైపర్‌లో ఫార్మా అనాలిసిస్ ఉన్నాయి. నైట్రిక్ యాసిడ్‌లో నమూనా కరిగించి ఐసీపీ-ఎంఎస్ పరికరంలో లోహం ఎంతుందో పీపీబీ లెక్కన చదవడం వస్తే ఫుడ్ టెస్టింగ్ ల్యాబుల్లోనే కాదు, ఫార్మాలోనూ తలుపులు తెరుచుకుంటాయి. సొంతంగా ఏదైనా మొదలుపెట్టేవాళ్లకు హైదరాబాద్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే బయోనెస్ట్ ఇంక్యుబేటర్ ఉంది.

కోడింగ్ వచ్చినవాళ్లకూ చోటుంది. చెరువుల సెన్సర్లు, మేత యంత్రాలు చేసే ఎరువాక టెక్నాలజీస్ 2012లో మన విజయవాడలోనే మొదలైంది. ఒక్కమాట ముందే చెప్పాలి. మొదట్లో జీతం మాదాపూర్ సాఫ్ట్‌వేర్ స్నేహితుడితో పోటీపడదు, బూట్లు బురదవుతాయి.

ఫైనలియర్ ప్రాజెక్టుగా ఈ లోహం-మూలిక ప్రశ్నను ఎంచుకుంటే తొట్లను నాలుగు గుంపులు చేయండి: ఏమీ కలపనిది, లోహం మాత్రమే, మూలిక మాత్రమే, రెండూ కలిపినది. ఒక్కో గుంపుకు కనీసం మూడు తొట్లు. మూలిక మాత్రమే ఇచ్చిన గుంపును ఖర్చు అని వదిలేయాలనిపిస్తుంది. ఇంటర్వ్యూలో అవతల నేనుంటే మొదట దాని సంగతే అడుగుతాను.