పాత ప్లగిన్లు – కొత్త కంప్యూటర్లు : ఒక పరిశీలన

ఇనుప పెట్టెల అడుగున దాచియుంచిన ఛాయాచిత్రములు మన కుటుంబముల చరిత్రకు మిగిలిన ఆధారములు. మా తల్లిదండ్రుల వివాహమునకు సంబంధించి మా యింట ఒకే ఒక చిత్రము కలదు. అది పట్టు నేతవంటి గీతలుగల కాగితముపై ముద్రింపబడినది. మన స్టూడియోలలో దానిని సిల్కు పేపరు అనెడివారు. చేతబట్టి చూచునపుడు ముచ్చటగొలుపు ఆ నేత, స్కానరుపై ఉంచగానే చిత్రమంతట చుక్కలు చుక్కలుగా పైకి తేలి ముఖములను కప్పివేయును.

ఆ చుక్కలను తొలగించు చిన్న సాధనమొకటి మా ఊరి ఛాయాగ్రాహకుని కంప్యూటరులో ఉండెడిది. ఆ కంప్యూటరు పాడైనది. ఆయన కొత్తది కొని, పాత డిస్కులోని సాధనమును అందులో చేర్చిరి. కొత్త యంత్రము పాతదానికంటె ఎన్నో రెట్లు శక్తిగలది. అయినను ఫోటోషాప్ జాబితాలో ఆ సాధనము కనబడనేలేదు. "ముసల్దయిపోయింది సార్, ఇంక నడవదు" అని ఆయన పెదవి విరిచిరి. ఆ మాట ఎంతవరకు నిజమో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ప్లగిన్ అనగానేమి?

ఫోటోషాప్ మొదటి ప్రతి 1990 ఫిబ్రవరిలో మాకింటోష్ కంప్యూటర్లకై వెలువడినది. థామస్ నోల్, జాన్ నోల్ అను అమెరికన్ సోదరులు దాని మూలకర్తలు. ఒక్క సంస్థయే సకల సౌకర్యములను కల్పింపజాలదు. కావున ఇతరులు వ్రాసిన చిన్న ప్రోగ్రాములు దానితో చేరి పనిచేయునట్లు ఏర్పాటు జరిగినది. వీటినే ప్లగిన్లు అందురు. విండోస్‌లో ఇట్టి ఫైళ్ల పేరు చివర "8బీఎఫ్" అని యుండును. 1992లో వెలువడిన "కాయ్స్ పవర్ టూల్స్" ఆనాటి ప్లగిన్లలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది.

ప్లగిన్ స్వభావమును మన విద్యార్థులకు వ్యాకరణము ద్వారా సులభముగా తెలుపవచ్చును. "కళాశాలకు" అను మాటలో "కళాశాల" ప్రకృతి, "కు" ప్రత్యయము. ప్రత్యయము ఒంటరిగా నిలువదు. ప్రకృతిపై చేరినపుడే అర్థమిచ్చును. అట్లే ఫోటోషాప్ ప్రకృతి, ప్లగిన్ ప్రత్యయము. ఉర్దూలో "కు" చేయు పనినే "కో" అను ప్రత్యయము చేయును. పని ఒకటియే అయినను, దానిని తెచ్చి తెలుగు మాటకు చేర్చి "కళాశాలకో" అన్నచో, వినువారికి సందేహార్థము తోచును గాని మనము కోరిన అర్థము రాదు. తప్పు "కో"ది కాదు, "కళాశాల"దియు కాదు. రెండును వేర్వేరు భాషలకు చెందినవి.

ప్లగిన్ విషయమున జరుగునది ఇదియే. ప్లగిన్‌ను పిలువగానే అది ఫోటోషాప్ వాడుకొనుచున్న జ్ఞాపకస్థలములోనికే వచ్చి చేరును. ప్రాసెసరు రెండింటి ఆదేశములను ఒకే ప్రవాహముగా చదువును. కావున ప్లగిన్, దానికి ఆశ్రయమిచ్చు ప్రోగ్రాము ఒకే యంత్రభాషలో ఉండవలెను. కొత్త యంత్రమున పాత ప్లగిన్ నడవకుండుటకు ముఖ్యకారణము ముసలితనము కాదు, భాషాభేదము.

భాష మారిన సందర్భములు

మొదటి మార్పు చిరునామాల పొడవునకు సంబంధించినది. 32 బిట్ల ప్రోగ్రాము 429,49,67,296 బైట్లను, అనగా 4 గిగాబైట్లను మించిన స్థలమును నేరుగా గుర్తింపజాలదు. 2 కోట్ల 40 లక్షల బిందువులుగల చిత్రమును తీసుకొనుడు. బిందువునకు మూడు రంగులు, రంగునకు 2 బైట్లు చొప్పున 14 కోట్ల 40 లక్షల బైట్లగును. ఇట్టివి పది పొరలున్నచో 144 కోట్ల బైట్లు. మధ్యమధ్య జరుగు లెక్కలకు కావలసిన స్థలము దీనికి అదనము. అందువలన 64 బిట్ల పద్ధతి అవసరమైనది. ఫోటోషాప్ విండోస్‌లో 2008లోను, మాకింటోష్‌లో 2010లోను 64 బిట్ల రూపము దాల్చినది. 2018 అక్టోబరు ప్రతితో విండోస్‌లో 32 బిట్ల రూపము నిలిచిపోయినది.

రెండవ మార్పు ప్రాసెసరుకు సంబంధించినది. ఆపిల్ సంస్థ మోటరోలా 68000 వర్గము నుండి 1994లో పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కు, 2020లో ఆర్మ్ పద్ధతిపై తాను రూపొందించిన ఎమ్1కు మారినది. మారిన ప్రతిసారి పాత ప్లగిన్లు పరభాషా ప్రత్యయములైనవి. ఇదిగాక, 2019లో వచ్చిన మాకోస్ కాటలీనా 32 బిట్ల ప్రోగ్రాములను పూర్తిగా త్రోసిపుచ్చినది.

దుబాసి సహాయము

రెండు భాషలవారు కలిసినపుడు దుబాసి కావలెను గదా! ఆపిల్ కల్పించిన దుబాసి పేరు రొజెట్టా. 1799లో ఈజిప్టున దొరికిన, ఒకే శాసనమును మూడు లిపులలో చూపు శిలను బట్టి ఆ పేరు వచ్చినది. మొదటి రొజెట్టా 2006 నుండి పవర్‌పీసీ ప్రోగ్రాములను ఇంటెల్ యంత్రములపై నడిపి, 2011లో వచ్చిన లయన్‌లో అదృశ్యమైనది. రెండవది 2020లో ఎమ్1తోపాటు వచ్చినది.

ఇచ్చట ఒక నియమము గమనింపదగినది. ఈ దుబాసి ప్లగిన్‌నొక్కదానినే అనువదింపదు. ఆశ్రయప్రోగ్రాముతో సహా మొత్తమును అనువదించును. కావున ఇంటెల్ భాషలోనున్న ప్లగిన్ కావలసినచో, ఫోటోషాప్ వివరముల పెట్టెను తెరచి, రొజెట్టా ద్వారా తెరువుమను గుర్తునుంచి, ఫోటోషాప్‌నే ఇంటెల్ రూపమున నడుపవలెను. అందులో ఇంటెల్ రూపము ఉన్నపుడే ఇది సాధ్యము. వేగము కొంత తగ్గవచ్చును. 32 బిట్ల ప్లగిన్లకు మాత్రము ఇది ఉపకరింపదు. ఈ దుబాసియు శాశ్వతుడు కాడు. మాకోస్ 27 తరువాత కొన్ని పాత ఆటలకు తప్ప రొజెట్టా ఉండదని 2025 జూన్‌లో ఆపిల్ ప్రకటించినది.

విండోస్‌లోని సులభమార్గము

64 బిట్ల విండోస్ 32 బిట్ల ప్రోగ్రాములను నేటికిని నడుపును. అయితే 64 బిట్ల ఫోటోషాప్‌లోనికి 32 బిట్ల ప్లగిన్ ప్రవేశింపదు. కావున పాత ప్రత్యయమునకు పాత ప్రకృతినే చూపవలెను. 32 బిట్ల ఆశ్రయప్రోగ్రామును ప్రత్యేకముగా స్థాపించి, అందులో ప్లగిన్‌ను చేర్చుటయే ఉపాయము. ఇర్ఫాన్ స్కిల్యాన్ రూపొందించిన ఇర్ఫాన్‌వ్యూ యొక్క 32 బిట్ల ప్రతి, తన అనుబంధ ఫైళ్ల సహాయముతో 8బీఎఫ్ ప్లగిన్లను స్వీకరించును. ఇంటి అవసరములకు అది ఉచితము.

మా ఛాయాగ్రాహకునిచే ఇట్లే చేయించితిమి. సాధనము జాబితాలో ప్రత్యక్షమైనది. అది ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే పద్ధతిని అనుసరించినది. సమదూరములలో మరల మరల వచ్చు నేత, ఆ పద్ధతిలో మార్చిన పటముపై కొన్ని ప్రకాశవంతమైన చుక్కలుగా కనబడును. ఆ చుక్కలను మాత్రము చెరిపి, పటమును తిరిగి చిత్రముగా మార్చినచో నేత చాలవరకు మాయమగును. ఆ సాయంకాలము మా అమ్మ ముఖము చుక్కల తెర వెనుకనుండి బయటకు వచ్చినది. ఆమె చాలసేపు చిత్రమును చూచి, "అప్పుడు ఇంత చిన్నదాన్నా నేను!" అన్నది.

పాటింపవలసిన జాగ్రత్తలు

1. ప్లగిన్ ఏ ప్రోగ్రాములో, ఎన్ని బిట్లలో, ఏ యంత్రముపై నడచినదో వ్రాసి ఉంచవలెను. స్థాపన ఫైలును, అనుమతి సంఖ్యను భద్రపరుపవలెను.

2. పాత ప్లగిన్లను తెలియని చోట్లనుండి తెచ్చుకొనరాదు. వాటితో హానికర ప్రోగ్రాములు రావచ్చును.

3. స్కాన్ చేసిన మూలచిత్రమును మార్పులేకుండ టిఫ్ రూపమున ఉంచవలెను. సవరించినదానిని వేరొక టిఫ్‌గా ఉంచవలెను. ప్లగిన్‌పై ఆధారపడు పొరలు మాత్రమే మిగిలినచో, ప్లగిన్ లేనినాడు వాటిని సరిదిద్దుట కుదరదు.

4. ప్లగిన్ల యజమానులు మారుచుందురు. నిక్ కలెక్షన్ అను ప్లగిన్ల సముదాయమును 2012లో గూగుల్ కొన్నది. 2016లో ఉచితముగా పంచినది. 2017లో ఇక మెరుగుపరుపమని తెలిపినది. అదే సంవత్సరము ఫ్రాన్సునకు చెందిన డీఎక్స్ఓ దానిని కొనుటచే అది బ్రతికినది. అన్నింటికి అట్టి అదృష్టము పట్టదు.

విద్యార్థులారా! సాధనములు మారును, యంత్రభాషలు మారును, దుబాసీలును సెలవు తీసుకొందురు. పాత సాధనమును పనికిరానిదని పారవేయుటకు ముందు, దాని ప్రకృతి యేదో వెదకుడు. నడచుచున్నపుడే దానిచే పని చేయించుకొనుడు. మీ యింటి పెట్టెలోని చిత్రములను ఈ సెలవులలోనే బయటకు తీయుడు. ప్లగిన్‌కు మరియొకటి దొరకవచ్చును గాని, మాసిపోయిన ముఖమునకు మరియొకటి దొరకదు.