తండ్రి చేపని బయట పెట్టకు

గణపవరం,
ఆదివారం

చిన్నీ,

మగచేపని తీసి బక్కెట్లో వెయ్యకు. ఇప్పటికే వేసేసి ఉంటే, ఈ ఉత్తరం ఇక్కడ ఆపి, ముందు దాన్ని తొట్టిలో వదిలి రా. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నువ్వు పంపిన వీడియో చూశాను. ఆడది మొగుణ్ణి తరుముతోంది, నిజమే. ఎంత దూరం తరుముతోందో గమనించావా? కొబ్బరి చిప్ప మూతి దగ్గర్నుంచి ఆ గుబురు మొక్క దాకా. అక్కడ ఆగి వెనక్కి తిరిగిపోతోంది. మగాడు మొక్కకి అవతల రెక్కలు విప్పుకుని దర్జాగానే ఉన్నాడు. క్రిబెన్సిస్ కాపురంలో లోపలి గది ఆవిడది, ప్రహరీ ఆయనది. గుడ్లు పెట్టిన తర్వాత ఆయన చిప్పలోకి తల దూరిస్తే ఆవిడ ఊరుకోదు. ఆయన కూడా పెద్దగా నొచ్చుకోడు. చుట్టూ తిరిగి కాపలా కాస్తాడు. మగాడు నీళ్ళ పైన ఓ మూలకి చేరి, రెక్కలు ముడుచుకుని, మేత వేసినా దిగి రాకపోతే, తోక చిరిగి కనిపిస్తే, అప్పుడు తియ్యి. అంతవరకూ భార్యాభర్తల మధ్యకి వెళ్ళకు.

ఇక గుడ్ల సంగతి. సోమవారం చిప్ప లోపల కప్పుకి అంటుకుని కనిపించాయి, గురువారానికి లేవు, కాబట్టి తినేశాయి అని తీర్పు చెప్పేశావు. 27, 28 డిగ్రీల నీళ్ళలో ఆ గుడ్లు మూడో రోజుకే పగులుతాయి తల్లీ. పగిలిన పిల్ల వెంటనే ఈదలేదు. పొట్ట కింద సొన సంచీ బరువుతో, తోక ఆడిస్తూ అడుగున పడి ఉంటుంది. తల్లి వాటిని నోట కరిచి చిప్ప మూలకో, ఇసకలో తవ్వుకున్న గుంటలోకో మారుస్తుంది. నువ్వు టార్చి కొట్టి చూసింది కప్పుని. అక్కడేం ఉంటుంది? ఇంకో నాలుగైదు రోజులు పోయి సొన అరిగాక, అవే ఈదుకుంటూ తల్లి వెంట బయటికొస్తాయి. ఆవిడ పొట్ట ఇంకా నేరేడు పండు రంగులోనే ఉందా, మేతకి బయటికొచ్చినా గబగబా రెండు మెతుకులు తిని చిప్పలోకే పోతోందా, ఇవి చూడు. పోతోందంటే పిల్లలు ఉన్నట్టే.

పోయిన నెల పెట్టిన గుడ్లు మాత్రం తినేసే ఉంటాయి. చిప్ప ఎత్తి చూశానని నువ్వే చెప్పావుగా! ఇంటి కప్పు లేచిపోయిన చోట పిల్లల్ని పెంచే తల్లి ఉంటుందా? ఇలా గుడ్లు తినే చేపని చూసి జనం "రాక్షసి" అనేస్తారు. అందులో రాక్షసత్వం ఏమీ లేదు. తెల్లబడి బూజు పట్టిన గుడ్డుని తల్లి తినేయడం పక్క గుడ్డుని కాపాడటానికి. మొత్తం గుడ్లు తినేసిందంటే, ఈ చోట ఈ కాన్పు దక్కదని దానికి అనిపించిందన్నమాట. దక్కని పిల్లల మీద పెట్టే బలం తిరిగి ఒంట్లోకి తీసుకుంటే, వచ్చే కాన్పుకి పనికొస్తుంది. పైగా వయసులో ఉన్న కొత్త జంటలు మొదటి ఒకటి రెండు కాన్పులు పాడుచెయ్యడం మామూలే. అంతమాత్రాన గుడ్లు తీసేసి వేరే డబ్బాలో గాలి బుడగలు పెట్టి పొదిగిస్తానంటావేమో, ఒప్పుకోను. అమ్మకానికి పెంచేవాళ్ళు అలా చేస్తారు, వాళ్ళ లెక్క వేరు. నీకు కావలసింది పిల్లలా, పిల్లల్ని పెంచడం చూడటమా? రెండోది అయితే చెయ్యి తొట్టి బయట ఉంచుకో.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చేసిన పెద్ద పొరపాటు వేరే ఉంది. దాన్ని నువ్వు మంచిపనిగా చెప్పుకున్నావు. "మావయ్యా, వాటికి ప్రశాంతంగా ఉంటుందని మిగతా చేపలన్నీ తీసేశాను" అన్నావు. అక్కడే చిక్కొచ్చింది.

క్రిబెన్సిస్ లాంటి సిక్లిడ్ జంటకి ప్రశాంతత పనికిరాదు. కాపలా కాయడానికి పుట్టిన చేపకి, కాపలా కాయడానికి ఎవరో ఒకరు ఉండాలి. శత్రువు లేని చోట ఆ కోపం పోదు. ఎదురుగా ఉన్న ఒకే ఒక్క చేప మీదికి, అంటే మొగుడి మీదికో పెళ్ళాం మీదికో మళ్ళుతుంది. ఇది నా ఊహ కాదు. కాన్రాడ్ లోరెంజ్ పేరు విన్నావు కదా, బాతుపిల్లలు వెంట తిరిగిన ఫొటోల ఆయన, 1973లో నోబెల్ వచ్చింది. ఆయన 1963లో జంతువుల కొట్లాట మీద ఓ పుస్తకం రాశాడు. అందులో సిక్లిడ్ల ముచ్చట ఉంది. పెద్ద తొట్టిని అద్దంతో రెండు చేసి, అటో జంటనీ ఇటో జంటనీ పెడితే, అద్దం దగ్గర ఇరుగూ పొరుగూ రోజంతా కాట్లాడుకునేవి, ఎవరి ఇంట్లో వాళ్ళు మాత్రం సఖ్యంగా ఉండేవి. అద్దానికి నాచు పట్టి అవతలివాడు మసకబారేసరికి మగాడు ఇంట్లో ఆడదాని మీద విరుచుకుపడటం మొదలెట్టేవాడు. అద్దం తుడిస్తే మళ్ళీ ఇల్లు చల్లబడేది. మగచేప మర్యాద తప్పిందంటే అద్దం తుడిచే వేళయిందని గుర్తు.

ముచ్చటగా ఉంది కానీ నిజమా అని ఆన్ రాసా అనే ఆవిడ పరీక్ష పెట్టి చూసి, 1969లో ఓ జర్మన్ పత్రికలో అచ్చువేసింది. ఆవిడ అందుకు ఎంచుకున్న చేప ఏదనుకున్నావు? మన దేశపు చేప! ఆరెంజ్ క్రోమైడ్. దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఉప్పూ తీపీ కలిసే నీళ్ళలో బతికే చిన్న సిక్లిడ్. మలయాళీలు పళ్ళత్తి అంటారు. పక్క చేపల్ని చూసే వీలున్న జంటలు పిల్లల దాకా వెళ్ళాయి. ఏకాంతంగా ఉంచిన జంటల్లో ఒకదాన్నొకటి పొడుచుకోవడం పెరిగి, కాన్పులు చెడ్డాయి. నేను కాలేజీలో జువాలజీ చెప్పిన రోజుల్లో ఏటా ఈ పాఠానికి ఓ గంట కేటాయించేవాణ్ణి, సిలబస్‌లో లేకపోయినా. పిల్లలు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, గుర్తుండిపోయేది.

అంచేత ఏం చెయ్యాలంటే, తీసేసిన వాటిలోంచి జీబ్రా చేపలు ఓ అయిదారు తిరిగి వెయ్యి. అవి పైనీళ్ళలో చురుగ్గా తిరుగుతాయి, తరిమితే దొరకవు, జంటకి పని కల్పిస్తాయి. ఒకటీ అరా పిల్ల వాటి నోట్లో పడొచ్చు. పడనీ. రెండడుగుల తొట్టిలో నూరు పిల్లలూ బతికితే ఎక్కడ పెడతావు? మొహం చూసుకునే అద్దం ముక్క ఆనించమని ఎవరో ఒకరు చెబుతారు. కాసేపైతే పరవాలేదు. పొద్దస్తమానం పెడితే మగాడు తన నీడతోనే కొట్లాడి నీరసించిపోతాడు.

తియ్యాల్సిన చేప ఒకటుంది, దాన్ని మాత్రం ఉంచావు. పాచి నాకుతుందని కొన్న సక్కర్! వీడియోలో వెనక గాజుకి కరుచుకుని ఉంది. క్రిబెన్సిస్‌కి పగలు కళ్ళు కనపడతాయి, దానికి రాత్రి పెత్తనం. దీపం ఆర్పాక చిప్పలో దూరి గుడ్లు ఊడ్చేస్తే, పొద్దున్న నువ్వు తల్లిని తిడతావు. తీసెయ్యి. తీసి కాలవలో వెయ్యకు, వేశావంటే నీతో మాట్లాడను. ఇలా జాలిపడి వదిలిన సక్కర్లే ఇవాళ మన చెరువుల్లో దెయ్యం చేపలై కూర్చున్నాయి. గట్లలో బొరియలు తవ్వుతాయి, ముళ్ళు పట్టి వలలు చింపుతాయి, మేత తినేస్తాయి, కిలో కూడా ఎవడూ కొనడు. కొన్న షాపుకే ఇచ్చెయ్యి.

నీ కంగారు చూస్తే నాకు ఒకటి అనిపించింది. చేపల మధ్య పుట్టి పెరిగిన పిల్లవి, తల్లి చేపని చూడలేదు. నీ తప్పు కాదులే. గణపవరం నుంచి ఆకివీడు దాకా ఎటు చూసినా చెరువులే, అందులో ఉన్నవన్నీ తల్లి ముఖం ఎరగనివే. శీలావతి కిలో బరువుకి రెండు మూడు లక్షల గుడ్లు విడిచి, వరదకి అప్పజెప్పి పోతుంది. చెరువులో అయితే ఆ మాత్రం కూడా పెట్టదు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి ఇంజక్షన్ ఇచ్చి పెట్టించేదాకా పిల్ల కోసం ఎక్కువగా నదుల మీదే ఆధారం. ఇవాళ హేచరీ నుంచి పిల్ల వస్తుంది, తవుడూ చెక్కా మనం వేస్తాం. తల్లీ తండ్రీ మనమే. ఆ అలవాటుతోనే నువ్వు తొట్టి దగ్గర కూడా తల్లివైపోదామని చూస్తున్నావు.

మీ అమ్మనడుగు, కొల్లేట్లో కొరమేను పిల్లల మంద ఎలా ఉంటుందో చెబుతుంది. గడ్డి మధ్య కొంచెం నీళ్ళు ఖాళీ చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు తేలుతూ ఉంటాయి. పిల్లలు ఎర్రగా, వందల కొద్దీ ముద్దగా తిరుగుతూ, గాలి కోసం అన్నీ కలిసి పైకొచ్చి నీళ్ళ మీద చినుకులు పడ్డట్టు చేస్తాయి. సరిగ్గా వాటి కింద పెద్దది ఉంటుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు పిల్లల మంద కనపడగానే గాలం అక్కడే వేస్తారు. పిల్లల మీదికి వచ్చిందేదైనా కరుస్తుంది కాబట్టి గాలాన్నీ కరుస్తుంది. తర్వాత ఆ మంద జెల్లల పాలు. నాకది చిన్నప్పట్నుంచీ నచ్చేది కాదు, ఇప్పటికీ నచ్చదు. మాంసం రుచి గురించి మాట్లాడేవాళ్ళతో నేను వాదించను. ఇక 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా అయితే పిల్లల్ని నోట్లోనే మోస్తుంది, అదీ సిక్లిడ్డే, మీ క్రిబెన్సిస్‌కి ఆఫ్రికా చుట్టం.

నీ తొట్టిలో పిల్లలు బయటికొచ్చాక తల్లి పొట్ట రెక్కల మీద కన్నేసి ఉంచు. అక్కడే వాటి మాటలన్నీ. ఎవరైనా తొట్టి దగ్గరికి గబాల్న వస్తే, రెక్కలు టపటపా ఆడించి ఒళ్ళు ఒక్కసారి విదిలిస్తుంది. పిల్లలన్నీ రాయి పడ్డట్టు అడుగుకి పడిపోయి కదలవు. నీకు ఇసకే కనిపిస్తుంది. ప్రమాదం దాటాక మళ్ళీ పిలుస్తుంది. దారి తప్పిన పిల్లని తండ్రి నోట్లోకి లాక్కుంటాడు. తినేశాడని కేక పెట్టకు, కాస్త ఓపిక పట్టు, మందలోకి తెచ్చి ఉమ్ముతాడు. మధ్య అమెరికా కాన్విక్ట్ సిక్లిడ్లయితే పిల్లల కోసం అడుగు ఇసకని రెక్కలతో కదిపి, రాలిన ఆకుల్ని నోటితో ఎత్తి మరీ మేత చూపిస్తాయి. మన ఆరెంజ్ క్రోమైడ్ ఇంకో మెట్టు పైన. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురునే కొరుక్కుని తింటాయి. వార్డ్, బార్లో అనే ఇద్దరు 1967లో దాని గురించి వివరంగా రాశారు. ఇది గట్టెక్కితే తర్వాత నువ్వు పెంచాల్సింది ఆ చేపనే. విదేశీ రంగుల మీద మోజు తీరాక మాట్లాడదాం.

వచ్చే ఏడు అపిస్టోగ్రామా చేపలు కొంటానన్నావు. వాటి కాపురం వేరు. ఒక మగాడు, ఇద్దరు ముగ్గురు పెళ్ళాలు. పిల్లల పని అంతా తల్లిదే, అప్పుడది పసుపుపచ్చగా మారి నల్లమచ్చలు తేలి ఉగ్రంగా ఉంటుంది. చిన్న తొట్టిలో అక్కడ మగాణ్ణి తీసేస్తే తప్పు లేదు. ఇక్కడ చెప్పింది అక్కడ, అక్కడ చెప్పింది ఇక్కడ చెయ్యకు. నీళ్ళ పీహెచ్ 7కి దగ్గర్లో ఉందన్నావు, దాన్ని ముట్టుకోకు. పులుపు ఎక్కువైతే క్రిబెన్సిస్‌కి ఎక్కువగా మగపిల్లలే తేలతాయి.

రాత్రి దీపం టక్కున ఆర్పకు. పొద్దువాలే వేళ తల్లి పిల్లల్ని చిప్పలోకి పోగు చేసుకుంటుంది, ఆ పని సగంలో ఉండగా చీకటి పడితే సగం మంద బయటే ఉండిపోతుంది. ముందు గదిలో దీపం ఉంచి తొట్టి దీపం ఆర్పు, ఓ అరగంట పోయాక గది దీపం. కరెంటు పోతే ఎవరమూ ఏం చెయ్యలేం.

మేతకి ఉడికిన గుడ్డు సొన వెయ్యకు, ఎవరు చెప్పినా సరే. రెండడుగుల తొట్టిలో అది పొద్దుటికి కుళ్ళుతుంది. రొయ్యల హేచరీల వాళ్ళు వాడే ఆర్టీమియా ఉంది కదా, అదే దీనికీ. లీటరు నీళ్ళకి 25 గ్రాముల కల్లుప్పు, గాలి బుడగలు, చిటికెడు గుడ్లు. ఒక పగలూ ఒక రాత్రీ గడిస్తే నారింజ రంగు పురుగులు ఈదుతాయి. పెంకులు పైకి తేలాక, అడుగు నుంచి గొట్టంతో లాగి, మంచినీళ్ళతో కడిగి, డ్రాపర్‌తో పిల్లల మంద దగ్గర వదులు. పొట్టలు నారింజగా ఉబ్బితే తిన్నట్టు. రోజుకి మూడుసార్లు, కొంచెం కొంచెం. అప్పుడు తొట్టి నీళ్ళు రోజూ ఓ చెంబుడు తీసి, నిలవ ఉంచిన నీళ్ళు పొయ్యి.

నెల దాటాక ఎప్పుడో ఓ రోజు తల్లి పిల్లల్నే తరమడం మొదలెడుతుంది. మళ్ళీ గుడ్లకి సిద్ధమవుతోందన్నమాట. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ పెరట్లో సిమెంటు తొట్టి ఖాళీగా ఉంది, పిల్లల్ని తెచ్చుకుంటాను.

ఆర్టీమియా కొంచెం చిన్న డబ్బాలో పోసి, రేపు గూడెం వచ్చే మీ బాబాయి చేతికిస్తున్నాను. చెమ్మ తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టు. పైన పేరు రాసి మరీ పెట్టు, మీ అమ్మ గసగసాలనుకుని కూరలో వేసేస్తుంది.

మీ మావయ్య