తీర్థయాత్రలో తితిక్ష

శమము, దమము, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానము అను ఆరింటిని వేదాంతులు షట్కసంపత్తి యందురు. వీనిలో తితిక్షకు ‘ఓర్పు’ అని అర్థము చెప్పి ముందునకు సాగిపోవుట పరిపాటి. వివేకచూడామణి అంత సులభముగా మనలను విడువదు. వచ్చిన కష్టమునకు మారు చేయబూనక సహించుటయే కాక, సహించునంతసేపు లోలోపల కుములుటయు వగచుటయు లేకుండవలెనని దాని తాత్పర్యము. ఈ రెండవ నియమమే కష్టమైనది. నోరు మూసికొని నిలుచుట పలువురకు చేతనగును. మనస్సు మూసికొని నిలుచుట కొందరకే చేతనగును.

దీనిని ఎచ్చట అభ్యసింపవలెను? అడవులకు పోనక్కరలేదు. పరదేశపు గడపవద్ద గంటల తరబడి వేచియుండు యాత్రికుని స్థితి చాలును.

విల్లియనూరు వారికి ఎల్ల దాటుట క్రొత్త కాదు. 1954 నవంబరు 1వ తేదీన పాలన భారతదేశమునకు బదిలీ యగువరకు ఆ ఊరు ఫ్రెంచి ఏలుబడిలో నుండెను. 1879లో వెలసిన పుదుచ్చేరి–విళుపురము రైలుమార్గము ఆ ఊరిమీదుగనే పోవును. ఆనాడు విళుపురమునకు పోవలెనన్నను ఒక దేశము విడిచి మరియొక దేశమున ప్రవేశించినట్లే; సుంకపు అధికారులు కోరినచో మూటలు విప్పి చూపవలసినదే. విలీనమును గూర్చిన ఓటింగు 1954 అక్టోబరు 18న ఆ సమీపముననున్న కీళూరులో జరిగినది. ఓటు వేసిన 178 మంది ప్రతినిధులలో 170 మంది భారతదేశముతో చేరుటకు సమ్మతించిరి. అంతటితో ఆ గడప పోయినది. నేడు ఆ ఊరి తిరుక్కామీశ్వరునకు మ్రొక్కి, చెన్నై మీదుగా నేపాళమునందలి ముక్తినాథమునకు పోయివచ్చు యాత్రికునకు అట్టి గడప కాఠ్మాండూ విమానాశ్రయమున ఎదురగును.

ముక్తినాథము 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. నూట ఎనిమిది ధారల క్రింద వణకుచు స్నానమాడి, కాళీగండకీ తీరమున సాలగ్రామములను దర్శించి, భక్తుడు నిండిన మనస్సుతో దిగివచ్చును. చలిని ఓర్చెను, శ్వాస చాలకపోవుటను ఓర్చెను. అవన్నియు తపస్సులో చేరినవని అతనికి తోచెను గనుక ఓర్చెను. విమానాశ్రయపు వరుసలో ముందు నిలిచిన వాని బండి కాలికి తగిలినంతనే ఆ నిండుదనము ఒలికిపోవును! ఇది తపస్సని ఎవరును అతనికి చెప్పలేదు. భగవద్గీత రెండవ అధ్యాయమున శీతోష్ణముల ఓర్పును గూర్చి భగవానుడు బోధించినది హిమాలయపు చలికి మాత్రమే అని ఎవరైన అనగలరా?

ఇచటి ఆలస్యములకు కారణములు తెలిసికొనినచో సగము కోపము దానంతట అదియే అణగును. పూర్వము గోవులు మేయు బయలగుటచే ‘గౌచర్’ అని పిలువబడిన ఈ స్థలమునకు 1955లో త్రిభువన మహారాజు పేరు పెట్టిరి. చుట్టును కొండలు, నడుమ ఒకే ఒక రన్‌వే. కొండలకు పోవు చిన్న విమానములును, విదేశములకు పోవు పెద్ద విమానములును దానిమీదనే దిగవలెను, దానిమీదనే ఎగురవలెను. శీతకాలపు ఉదయమున పొగమంచు క్రమ్మినచో అన్నియు నిలిచిపోవును. పెక్కు విమానముల వారు ఒకేసారి చేరినప్పుడు కూర్చుండుటకు చోటు దొరకకుండుట వింత కాదు.

తనిఖీ మీద తనిఖీ ఏల అని విసుగుకొనువారు 1999 డిసెంబరు 24ను జ్ఞప్తికి తెచ్చికొనవలెను. ఢిల్లీకి రావలసిన భారతీయ విమానము ఇచటినుండియే బయలుదేరి దారి మళ్ళింపబడి, కాందహారు చేరినది. ఒక ప్రయాణికుడు హతుడయ్యెను. తక్కినవారిలో పెక్కుమంది డిసెంబరు 31న గాని విడుదల కాలేదు. మన సంచిని మరల విప్పుమనువాడు మన ప్రాణమునే కాచుచున్నాడు.

జోమ్‌సోమ్‌లో ఈ సంగతి ఇంకను స్పష్టము. పొద్దెక్కినకొలది ఆ లోయలో గాలి పెచ్చు పెరుగును గనుక చిన్న విమానములు ఉదయముననే రాకపోకలు సాగించును. వాతావరణము బాగులేనిచో ఆనాటికి ప్రయాణము లేదు. అప్పుడు ఉద్యోగులను చుట్టుముట్టి, ‘రేపు మాకు ఢిల్లీ విమానమున్నది, ఎట్లైన పంపుడు’ అని నిర్బంధించువారు కలరు. 2022 మే 29న పోఖరా నుండి జోమ్‌సోమ్‌కు బయలుదేరిన చిన్న విమానము కొండను తాకి, అందున్న 22 మందియు మరణించిరి; వారిలో నలుగురు భారతీయులు. అట్టి దారిలో తొందరపెట్టుట భక్తి కాదు. కాఠ్మాండూ చేరుటకు ఒకటి రెండు దినములు అదనముగా ఉంచుకొని బయలుదేరుటయే వివేకము.

మారు చేయరాదనగా ముందు జాగ్రత్తయు కూడదని అపోహపడువారున్నారు. అది తితిక్ష కాదు, సోమరితనము. ఎండకు గొడుగు పట్టుట దోషము కాదు. గొడుగు లేనప్పుడు సూర్యుని తిట్టుట దోషము. నేపాళపు గడియారము మనదానికంటె 15 నిమిషములు ముందుండును. చేతి గడియారము దిద్దుకొననివాడు ఆలస్యముగా వచ్చి ఇతరులను నిందించును. విమానమెక్కుటకు పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘమిచ్చిన ఓటరు కార్డు గాని వెంట నుండవలెను.

అన్నింటికంటె మనస్సును కలచునది తీర్థపు సీసా. అంతర్జాతీయ విమానములలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవపాత్రను చేతిసంచిలో సామాన్యముగా పోనీయరు. ముక్తినాథపు ధారల నీటిని ఇంటివద్ద మంచమునంటియున్న తల్లికై తెచ్చు కుమారుని తనిఖీ ఉద్యోగి ఆపి, సీసాను చెత్తబుట్టలో వేయుమనును. ఉద్యోగికి అది నీరు. కుమారునికి అది తల్లి కోరిక. ఇచట ఓర్చుకొమ్మని చెప్పుట కంటె ఆ దుఃఖము రాకుండ చేయుట మేలు. సీసా నిండా నింపక కొంచెము ఖాళీ విడిచి, మూత బిగించి, గుడ్డ చుట్టి బట్టల నడుమ ఉంచి, విమానము వారికి అప్పగించు పెద్ద పెట్టెలో పెట్టవలెను. అప్పుడది విల్లియనూరు చేరును.